చీటీలో లేని మాత్ర

హెచ్‌ఐవీ మందుల మీద మన పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు ఒక్క మాట దగ్గర ఆగిపోతాయి: రోజూ వేసుకోండి, మానకండి. మాట నిజమే. కానీ పదిహేనేళ్లుగా, ఇరవై ఏళ్లుగా మాత్ర మింగుతున్న మనిషికి అది సరిపోదు. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. ఆ తొలి ఏళ్లలో చావు అంచుదాకా పోయి మందులతో నిలబడ్డవాళ్లు ఇప్పుడు యాభై దాటుతున్నారు. షుగరు వస్తోంది, బీపీ వస్తోంది, మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇంట్లోకి కోడళ్లూ అల్లుళ్లూ వస్తున్నారు. ఒకప్పుడు ఒక్క జబ్బుకే మందు వాడినవాళ్లు ఇప్పుడు నాలుగు జబ్బులకు వాడుతున్నారు. ఆ మందులు రాసే డాక్టర్లలో చాలామందికి మొదటి జబ్బు సంగతి తెలియదు. నా దిగులంతా అక్కడే.

ఇది ఎక్కడో దూరాన ఉన్న సమస్య కాదు. 2021 అంచనాల్లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశ సగటు 0.21 శాతమైతే తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67.

కింద మాట్లాడే అక్క, తమ్ముడు ఫలానా ఇంటివాళ్లు కారు. చాలామంది నోట విన్న వాదాలను ఇద్దరికి పంచాను. అక్కకు యాభై రెండేళ్లు. లారీ తోలే భర్త పోయాక గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల ముచ్చికలు తీసి, తాలు ఏరి కొడుకుని పెంచింది. 2008 నుంచి ప్రభుత్వ హెచ్‌ఐవీ సెంటర్లో ఇచ్చే మందులు వాడుతోంది. తమ్ముడు ఫార్మసీ చదివి మందుల షాపు పెట్టుకున్నాడు. చుట్టాల్లో ఆమె సంగతి తెలిసింది అతనొక్కడికే.

అక్క: ఒక మాట చెప్తా, అరవమాక. వచ్చే నెల నుంచి మూణ్ణెల్లు ఆ మందు ఆపుదామనుకుంటున్నా.

తమ్ముడు: ఎవరు చెప్పారక్కా ఆపమని?

అక్క: ఎవరు చెప్పాలి? పదిహేడేళ్లుగా మింగుతున్నదాన్ని నేను. ఆర్నెల్ల నుంచి పొట్ట బాగుండట్లా. పొద్దున లేస్తే రెండు మూడుసార్లు పోవాల్సిందే. నోట్లో తుప్పు రుచి. కాయలేరడానికి కూర్చుంటే మధ్యాహ్నానికే నీరసం. ఈ కొత్త మాత్రకి మారాకే బరువు పెరిగా, షుగరొచ్చింది. పోనీ జబ్బేమన్నా ముదిరిందా అంటే, పోయినేడు వైరల్ లోడ్ చూసి అసలు కనపడట్లేదన్నారు. కనపడనిదానికి మందెందుకురా?

తమ్ముడు: ఆ పరీక్ష చూసేది రక్తంలో తిరిగే వైరస్‌ని. మందు పనిచేస్తుంటే రక్తంలో అది దొరకదు. కానీ రోగాలతో పోరాడే సీడీ4 కణాల్లో కొన్ని ఏ పనీ లేకుండా ఏళ్ల తరబడి పడి ఉంటాయి. వాటి జన్యువుల్లోనే తన జన్యువుని కలిపేసుకుని వైరస్ లోపల కూర్చుంటుంది. ఇప్పుడున్న మందుల్లో ఏదీ దాన్ని అక్కడినుంచి తీసెయ్యలేదు. నువ్వు మాత్ర ఆపితే ఆ కణాల్లో కొన్ని లేస్తాయి. చాలామందిలో నెల తిరిగేలోపే వైరల్ లోడ్ మళ్లీ పైకొస్తుంది.

అక్క: వస్తే మళ్లీ వేసుకుంటా. అదే మందు, అదే సెంటరు. ఎక్కడికి పోతుంది?

తమ్ముడు: మందు ఎక్కడికీ పోదు, దాని పనే పోవచ్చు. నువ్వు వేసుకునే ఒక్క మాత్రలో మూడు మందులున్నాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మూడూ ఒంట్లోంచి ఒకేసారి దిగిపోవు. ఆపిన కొద్దిరోజులు ఒంట్లో మందు ఉండీ లేనట్టుంటుంది. వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు చేసుకుంటూ పోతుంది. అరకొర మందులో, ఏ తప్పు వల్ల మందు తగలకుండా పోయిందో ఆ నకలే బతికి పెరుగుతుంది. మిరపతోటలో సగం మోతాదు మందు కొట్టీ కొట్టీ, ఆఖరికి దేనికీ చావని పురుగుని తయారుచేసుకున్న రైతుల్ని నువ్వు చూళ్లేదా?

అక్క: చూశా. కొట్టిన మందుకి నేల పాడవడం కూడా చూశా. నువ్వు పురుగు సంగతే చెప్తున్నావు. నేను నేల సంగతి అడుగుతున్నా.

ఈ ప్రశ్నను దాటేసి ముందుకు పోయేవాళ్లే ఎక్కువ. పోకూడదు. మందు చేసిన నష్టాన్ని ఒంటిమీద మోసిన తరం ఆమెది.

అక్క: మొదట్లో నాకిచ్చిన మందు గుర్తుందా? పొద్దునొకటి, రాత్రొకటి. రెండేళ్లు తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయినై. చేతులమీద నరాలు పైకి తేలినై. అరికాళ్లు మంటలు, రాత్రుళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. సెంటర్లో చెప్తే తిండి బాగా తినమన్నారు. నా మొహం చూసే అప్పుడున్న వీధిలో వాళ్లు పోల్చుకున్నారు. నన్ను బయటపెట్టింది జబ్బు కాదురా, మందు.

తమ్ముడు: అది స్టావుడిన్. నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చవగ్గా దొరికేది, ముందు ప్రాణం నిలబెట్టేది, అందుకే చాలా పేద దేశాల్లో అదే ఇచ్చారు. అది చర్మం కింద కొవ్వుని కరిగించేస్తుంది, నరాల్ని దెబ్బతీస్తుంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని వదిలెయ్యమని దేశాలకు చెప్పింది. నువ్వు చెప్పుకున్నప్పుడు వాళ్లు వినాల్సింది.

అక్క: దాని తర్వాతది మాత్రం తక్కువ తిందా? రాత్రి పడుకునేముందు వేసుకోమన్నారు. వేసుకుంటే తల తిరుగుడు, ఇంక కలలు. మీ బావ లారీ తోలుకుంటూ ఇంట్లోకి వచ్చినట్టు, పిల్లాడు దానికి అడ్డం పోయినట్టు. లేచి పిల్లాణ్ని తడుముకుని మళ్లీ పడుకునేదాన్ని.

తమ్ముడు: ఎఫావిరెంజ్. అది మెదడు మీద పనిచేస్తుంది. నూనే నెయ్యీ బాగా తిని వేసుకుంటే ఒంట్లోకి ఇంకా ఎక్కువ ఎక్కుతుంది, కలలూ తల తిరుగుడూ పెరుగుతాయి. అందుకే ఖాళీ కడుపుతో వేసుకోమంటారు. నీకెవరూ చెప్పలేదా?

అక్క: చెప్పలా. నీరసంగా ఉందని ముద్దపప్పులో నెయ్యేసుకుని తిని మరీ మింగేదాన్ని.

మందు మానేసినవాళ్లను మందలించడం మనకు బాగా అలవాటు. మానేసిన మనిషి అంతకుముందు ఏం బాధ పడింది, ఎవరికి చెప్పుకుంది, ఏం జవాబొచ్చింది అని అడగడం అలవాటు లేదు. 1987లో ఒక్క జిడోవుడిన్‌తో మొదలైన ఈ వైద్యం 1996 నాటికి మూడు మందుల కలయికగా మారింది. ఆ తర్వాత బాధలు ఎక్కువున్న మందులు ఒక్కొక్కటే పక్కకు పోతూ వచ్చాయి. వాటిని పక్కకు నెట్టడంలో మందు వాడినవాళ్ల ఫిర్యాదులకూ భాగముంది. ఫిర్యాదు చేస్తే మందు మార్చే వీలుందన్న సంగతి ప్రతి సెంటరూ మొదటి రోజే చెప్పాలి.

తమ్ముడు: అయితే ఒకటక్కా, అప్పటి మందు చేసిన పాపానికి ఇప్పటి మాత్రని శిక్షించమాక.

అక్క: ఇది మంచిదని నువ్వు అంటున్నావు. ఊరికే ఇచ్చే మందులో ఏం పసుంటుంది? డబ్బున్నోళ్లు వేరే మందు వాడతారంట.

తమ్ముడు: డోలుటెగ్రావిర్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 2013లో. నువ్వు మింగేదీ అదే మందు, అదే యాభై మిల్లీగ్రాములు. 2017లో ఈ మూడు మందుల మాత్రని పేద దేశాలకు మనిషికి ఏడాదికి 75 డాలర్ల దాకా ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. ఆఫ్రికాలో లక్షలమంది మింగే మాత్రలు చాలావరకు మన దేశంలో తయారైనవి. హైదరాబాదు కంపెనీలు, హెటెరో, అరబిందో లాంటివి, అందులో ముందున్నాయి. చవగ్గా తయారుచెయ్యడం నేర్చుకున్నారు గనక చవక, నాణ్యత తగ్గి కాదు.

అక్క: సరే, మంచిదే అనుకో. కిడ్నీలు పోతాయంటగా?

తమ్ముడు: టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీని, ఎముకని దెబ్బతీస్తుంది. అందుకే క్రియాటినిన్ చూస్తుంటారు. అందులో కూడా ఒక మెలికుంది. డోలుటెగ్రావిర్ వల్ల క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారి కాస్త మూసుకుంటుంది. కిడ్నీకి ఏమీ కాకపోయినా మొదటి వారాల్లోనే అంకె కొద్దిగా పెరిగి అక్కడ ఆగుతుంది. నువ్వేం వాడుతున్నావో తెలియని డాక్టరు ఆ కాగితం చూస్తే కిడ్నీ చెడిందనుకుంటాడు. ఇంక ఆపితే కిడ్నీకి మంచిదన్న మాటుంది చూశావా, దాన్ని నిజంగానే పరీక్షించారు. స్మార్ట్ అని పెద్ద అధ్యయనం, 33 దేశాలు, 5,472 మంది. సగంమంది రోజూ వాడారు. మిగతా సగం సీడీ4 బాగున్నన్నాళ్లు మందు ఆపి, పడిపోతే మొదలుపెట్టారు. నీ ఆశే వాళ్లదీ, మందు హాని తగ్గుతుందని. 2006లో దాన్ని మధ్యలో ఆపెయ్యాల్సొచ్చింది. విరామం తీసుకున్నవాళ్లలో చావులూ, ఎయిడ్స్ తెచ్చే జబ్బులూ కలిపి రెండింతలు దాటినై. గుండె, కిడ్నీ, లివరు జబ్బులు కూడా వాళ్లలోనే ఎక్కువ.

అక్క: మందు ఆపినోళ్లకా కిడ్నీ జబ్బు?

తమ్ముడు: ఆపినోళ్లకే. వైరస్ మళ్లీ పెరిగితే ఒళ్లు లోలోపల రగులుతూ ఉంటుంది. రక్తనాళాలూ కిడ్నీలూ ఆ రగులుడుకే పాడవుతాయి. ఇంకోటి, కొందరికి హెపటైటిస్ బి కూడా ఉంటుంది. టెనోఫోవిర్, లామివుడిన్ దాన్ని కూడా అణిచి ఉంచుతాయి. అట్లాంటివాళ్లు చెప్పాపెట్టకుండా ఆపితే లివరు ఒక్కసారిగా దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది.

అక్క: బరువు మాటేంటి మరి? షుగరో?

తమ్ముడు: బరువు నిజం. దక్షిణాఫ్రికాలో ఈ మందు మీద చేసిన అధ్యయనంలో ఆడవాళ్లే ఎక్కువ బరువు పెరిగారు. షుగరు కూడా కొందరిలో పెరగడం చూశారు. నీకు దీనివల్లే వచ్చిందా, అమ్మకున్నది నీకొచ్చిందా అంటే నేను చెప్పలేను. సెంటర్లో చెప్పి రాయించు. ఇంతకీ షుగరుకి ఏం వాడుతున్నావు? అన్నీ తీసుకురా ఒకసారి.

ఆమె తెచ్చిన సంచిలో మొదట బయటికొచ్చింది తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మీది కాగితాన్ని గోటితో గీకేసింది. మిగిలిన బంకకి మిరప దుమ్ము పట్టి ఎర్రటి చార కట్టింది. మూత నొక్కి తిప్పితే లోపల పైదాకా దూది. తేమ పీల్చే చిన్న పొట్లాన్ని తీసి పారేసి, దాని చోట ఆ దూది కుక్కింది, నడుస్తుంటే మాత్రలు గలగలమనకుండా. ఈ దూది ఉపాయం ఆమె ఒక్కదానిదే కాదు. పనికి పోయేరోజుల్లో రెండు మాత్రలు కాగితంలో చుట్టి కొంగుకు కట్టుకుంటుంది. చెమటకు కాగితం తడిసి మాత్ర అంచులు పొడి రాలడం ఆమె చూసింది, అయినా మింగింది. డబ్బా తర్వాత ఒక షుగరు మాత్రల షీటు, ఒక కాల్షియం షీటు, పేరు సగం చిరిగిపోయిన నొప్పుల మాత్రలు, గులాబీ రంగు గ్యాస్ మందు సీసా.

తమ్ముడు: మెట్‌ఫార్మిన్ వెయ్యి పవరు. ఇదెవరు రాశారు?

అక్క: బజార్లో షుగరు డాక్టరుగారు. మొదట ఐదొందలదే. తగ్గట్లేదని పొద్దునొకటి, రాత్రొకటి వెయ్యిది చేశారు.

తమ్ముడు: ఎప్పుడు చేశారు?

అక్క: సంక్రాంతికి ముందు. ఆర్నెల్లయింది.

తమ్ముడు: పొట్ట చెడింది ఎప్పటినుంచన్నావు?

అక్క: అదే... ఆర్నెల్ల నుంచి.

తమ్ముడు: మెట్‌ఫార్మిన్ కిడ్నీ గుండా బయటికి పోవాలి. డోలుటెగ్రావిర్ ఆ దారికి కూడా అడ్డం పడుతుంది. అందుకే నువ్వు మింగినదానికి తగ్గట్టు కాకుండా ఒంట్లో చాలా ఎక్కువ నిలుస్తుంది. ఈ మాత్ర వాడేవాళ్లకి మెట్‌ఫార్మిన్ రోజు మొత్తంలో వెయ్యి మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. నువ్వు రెండువేలు మింగుతున్నావు. విరేచనాలు, నీరసం, నోట్లో తుప్పు రుచి, ఇవన్నీ మెట్‌ఫార్మిన్ ఎక్కువైతే వచ్చేవే. నువ్వు మానేద్దామనుకున్న మాత్ర ఒకటి, నిన్ను పీడిస్తున్నది ఇంకొకటి అయ్యుండొచ్చక్కా.

అక్క: అయితే ఆ డాక్టరుగారు తప్పు రాశారా?

తమ్ముడు: ఆయన తప్పేముంది? ఇంకేం వాడుతున్నావమ్మా అని అడిగుంటే నువ్వేం చెప్పావు?

అక్క: ఏమీ లేదన్నా.

తమ్ముడు: ఈ షుగరు మాత్ర కూడా నీ అంతట నువ్వు తగ్గించొద్దు, షుగరు ఎగబాకుతుంది. ఆయనకి చెప్పే తగ్గించాలి. మరి ఈ గులాబీ సీసా ఎప్పుడు తాగుతున్నావు?

అక్క: రాత్రి. ఆ మాత్ర మింగి, వెంటనే మూత నిండా ఇది. పొట్టలో మంట ఆ మాత్రతోనే అనుకుని.

తమ్ముడు: దీంట్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. డోలుటెగ్రావిర్ వాటిని పట్టుకుని గడ్డకట్టుకుపోయి, రక్తంలోకి ఎక్కకుండా కడుపులోంచి కిందికి పోతుంది. రెండూ కలిపి వేసుకుంటే మందు ముప్పాతిక వంతు దాకా తగ్గిపోయినట్టు పరీక్షల్లో తేలింది. ఒక్కరోజు కూడా మానకుండా మింగుతున్నానంటావు, పావు వంతే ఒంటికి పడుతుందేమో! మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తాగు, లేదా తాగి ఆరు గంటలయ్యాక మాత్ర వేసుకో. పాంటాప్రజోల్ రకం గ్యాస్ మాత్రలతో ఈ పేచీ లేదు. కాల్షియం, ఐరన్ మాత్రలు కూడా ఖాళీ కడుపుతో కలిపి వేసుకుంటే ఇదే గొడవ. అన్నంతో పాటయితే రెండూ కలిపి వేసుకోవచ్చు.

అక్క: ఈ మోకాళ్ల మాత్ర?

తమ్ముడు: డైక్లోఫినాక్ లాగుంది. టెనోఫోవిర్‌తో కలిపి రోజుల తరబడి వాడితే కిడ్నీకి నిజంగానే ప్రమాదం. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది కూడా పొడిపించుకుంటున్నావా?

అక్క: సీజన్లో, కూర్చోలేనప్పుడు.

తమ్ముడు: చూడు మరి. పదిహేడేళ్లు మందు నిన్ను తింటుందని భయపడ్డావు. దాన్ని దాచినందువల్ల ఎంత పోగైందో ఇప్పుడు చూడు. షుగరు డాక్టరుకి తెలీదు, ఆర్‌ఎంపీకి తెలీదు, సెంటరువాళ్లకి మిగతా మందులు తెలీవు. అందరికీ ఒక్కమాట చెప్పుంటే ఇదంతా లేదు.

అక్క: ఒక్కమాట! చెప్పమనడం తేలిక్కా ఉంటుంది నీకు. పన్ను పీకించుకోవడానికి పోయి ఒకసారి చెప్పా. అప్పటిదాకా అమ్మా అన్నాయన నోరు పడిపోయింది. చేతికున్న గ్లవుజు మీద ఇంకో గ్లవుజు తొడిగాడు. లోపలికి పోయొచ్చి, మిషన్ పాడైంది, ఇంకోచోటికి పొమ్మన్నాడు. నేను మెట్లు దిగుతుంటే కాంపౌండరు నేను పట్టుకున్న తలుపు పిడి తుడుస్తున్నాడు. ఆ పంటి నొప్పితో ఎన్నాళ్లున్నానో నీకు చెప్పలేదు కూడా.

తమ్ముడు: అట్లా పొమ్మనడం చట్టవిరుద్ధమక్కా. 2017లో చట్టం చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం ఇవ్వకపోవడం కుదరదు. నీ అనుమతి లేకుండా నీ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు.

అక్క: ఆ చట్టం ఆరోజు నాతోపాటు ఆసుపత్రికి రాలేదురా.

తమ్ముడు దీనికి జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు. దాపరికం వల్ల మందు ప్రమాదకరమవుతుందన్నది తమ్ముడి వాదం, నిక్కమైన వాదం. కానీ దాపరికాన్ని ఆమె సరదాకి ఎంచుకోలేదు. చెప్పినందుకు ఒకసారి దెబ్బతిన్న మనిషిని మళ్లీ వెళ్లి చెప్పు అనడానికి ముందు, వినేవాళ్లకు వినడం నేర్పాలి. షుగరు, బీపీ చూసే ప్రతి డాక్టరూ కొత్త మందు రాసేముందు పక్కన ఎవరూ లేకుండా ఒక నిమిషం అడగొచ్చు: ప్రభుత్వం ఇచ్చే మందులేమైనా వాడుతున్నారా, నాకు చెబితే ఈ గది దాటదు అని. ఆ ఒక్క నిమిషానికి మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గేది. మందుల షాపుల వాళ్లకూ ఇందులో భాగముంది. గ్యాస్ మందు, నొప్పి మాత్ర అడిగినవెంటనే చేతిలో పెట్టేది వాళ్లే.

తమ్ముడు: పోనీ ఊరందరికీ వద్దు. ఇంట్లో కోడలికైనా చెప్పొచ్చుగా? కొంగులో మాత్రలు కట్టుకోవడం, దూది కుక్కడం తప్పుతాయి. పెళ్లిళ్లకు పోయినప్పుడు మానేస్తున్నావుగా నువ్వు.

అక్క: మానను. ఆలస్యమవుతుంది. పోయినసారి వాళ్ల పుట్టింట్లో నిద్రచేసినప్పుడు అందరూ ఒకే గదిలో పడుకున్నారు, తెల్లారాక వేసుకున్నా. ఆ రాత్రికి మళ్లీ రెండు వేసుకున్నా, పోయినదానికి లెక్క సరిపోవాలని.

తమ్ముడు: రెండెప్పుడూ వెయ్యొద్దు. గుర్తొచ్చినప్పుడు ఒకటి వేసుకో. తర్వాతిది వేళకి మామూలుగా ఒకటే. తర్వాతి మాత్రకి నాలుగు గంటలు కూడా టైము లేకపోతే పోయినదాన్ని వదిలెయ్. అసలు రాత్రే వేసుకోవాలని కూడా లేదు. ఈ మందు అన్నం ముందైనా తర్వాతైనా పర్వాలేదు, పొద్దున్నే పనికి పోయేముందు పెట్టుకో. రోజూ అదే వేళ అయితే చాలు. కొందరికి దీంతో నిద్ర పట్టదు, వాళ్లకి పొద్దున్నే మేలు.

అక్క: ఇది సెంటర్లో చెప్పలేదే! పాత మందులాగే రాత్రే అనుకున్నా. అయితే పిల్ల నీళ్లకు పోయినప్పుడు వేసుకుంటా. చెప్పడం మాత్రం చెప్పను. చెప్పేదాకా దాని నిద్ర మంచిదే, నా నిద్ర మంచిదే. నా గ్లాసులో నీళ్లు తాగితే దానికేమన్నా అవుతుందా?

తమ్ముడు: గ్లాసు, కంచం, మంచం, దేనివల్లా రాదు. వైరల్ లోడ్ దొరకనంత తక్కువుంటే కలిసి కాపురం చేసేవాళ్లకే అంటదు. ఒకరికి జబ్బుండి ఇంకొకరికి లేని జంటల్ని వందల్లో ఏళ్ల తరబడి గమనించారు. మందు పనిచేస్తున్న మనిషి నుంచి తోడుకి ఒక్కరికీ రాలేదు. కోడలి విషయంలో నీదే రైటక్కా. ఆ పిల్లకి తెలియాల్సిన అవసరం లేదు.

అక్క: ఇంతసేపటికి ఒకటి ఒప్పుకున్నావు.

తమ్ముడు: డాక్టరు విషయంలో నువ్వు ఒప్పుకో. రేపు దగ్గొచ్చి టీబీ అని తేలిందనుకో. రిఫాంపిసిన్ ఈ మందుని ఒంట్లోంచి తొందరగా తోసేస్తుంది, అప్పుడు డోలుటెగ్రావిర్ పన్నెండు గంటలకొకటి చొప్పున రెండు వెయ్యాలి. మూర్ఛ మందుల్లో కూడా కొన్ని అంతే. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

అక్క: బజారు డాక్టరుకి చెప్పను. ఆయన దగ్గర చీటీలు రాసే పిల్ల మా వీధిదే. పెద్దాసుపత్రిలోనే షుగరు కూడా చూస్తారుగా? సెంటరువాళ్లే అక్కడికి రాసివ్వమని అడుగుతా. లైన్లో ఒకపూట పోతుంది, కూలి పోతుంది. పోతే పోయింది.

తమ్ముడు: అదింకా మంచిది. గ్యాస్ మందు సంగతి చెప్పి, వైరల్ లోడ్ మళ్లీ చెయ్యమని అడుగు. మామూలుగా ఏడాదికోసారే చేస్తారు. నీ కారణం చెప్పు.

అక్క: పెరిగుంటే?

తమ్ముడు: వెయ్యి దాటితే వెంటనే మందు మార్చరు. ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడి, సరిగా వాడించి, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే వేరే మందులున్నాయి. ఈ డోలుటెగ్రావిర్ అంత తేలిగ్గా లొంగదు, చాలామందిలో సరిగా వేసుకుంటే మళ్లీ దిగొస్తుంది.

అక్క: అప్పటిదాకా ఆపనులే. కానీ అడగాల్సినవి అడుగుతా. బరువు సంగతి, కిడ్నీ కాగితం చూపించమని. తిండి బాగా తినమంటే ఊరుకోను ఈసారి.

తమ్ముడు: ఊరుకోవద్దు. అన్నీ ఒక చీటీ మీద రాసిస్తా, అది ఫార్మసీ కిటికీ దగ్గర కూడా ఇవ్వు. ఊళ్లో ఎవరో పొడి ఇస్తున్నాడంట, మూడు నెలల్లో నెగటివ్ చేస్తాడంట. అట్లాంటిదేమీ వాడట్లేదుగా? ఎయిడ్స్ నయం చేస్తామని మందు అమ్మడానికే మన ఔషధ నిబంధనలు ఒప్పుకోవు, షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది, అందులో మొదటి పేరే ఎయిడ్స్.

అక్క: పొడీ లేదు, గిడీ లేదు. రాయి ముందు. షుగరు మాత్ర వెయ్యిది, రోజుకి రెండు. గ్యాస్ మందు, రాత్రి మాత్రతోపాటు. కాల్షియం, పొద్దున పరగడుపున. మోకాళ్ల మాత్ర, సీజన్లో రోజూ, సూది నెలకొకటో రెండో. రాశావా?

తమ్ముడు: రాశా. ఇంకా?

అక్క: ఆ పొడి కూడా రాయి. తేనెలో కలుపుకుని రోజుకి రెండు చెంచాలు. నల్లగా ఉంటుంది, ఇనుము భస్మం వేశానన్నాడు.

తమ్ముడు: ఎప్పటినుంచి?

అక్క: ఉగాది నుంచి. రాయరా, చూస్తావేంటి.